చెఱసాలలోని మగ్గము



మన మహాసభ వార్షిక సంచికలయందు నూలు ధర, రంగుల కల్తీ, మరమగ్గముల పోటీ, సహకార సంఘముల ఋణభారము మొదలగు విషయములు తఱచుగా చర్చింపబడుచున్నవి. ఇవి మనవారి కడుపునకు సంబంధించినవి గనుక చర్చింపబడుట న్యాయమే. అయితే మన మగ్గము మన యిండ్లలో మాత్రమే యాడుట లేదు. చెఱసాలల గోడల లోపలను అది రమారమి 200 సంవత్సరములనుండి యాడుచున్నది. ఆ మగ్గముకడ కూర్చుండినవాడు మన కులమువాడు కావచ్చును, కాకపోవచ్చును. కాని వాని చేతిలోని నాడె మన పెద్దలు చేపట్టిన నాడెయే. కావున ఖైదీలకు విద్యను, వృత్తిని నేర్పు కార్యము ఎట్లు పుట్టినదో, ఎక్కడ దారి తప్పినదో, మరల ఎట్లు దారికి వచ్చుచున్నదో తెలిసికొనుట నేతను నమ్ముకొన్న మనకు విధియని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఈ చరిత్రయంతయు ఒక్క ప్రశ్నచుట్టును తిరుగుచున్నది. చెఱసాలలో చేయించు పని శిక్షయా, సర్కారునకు రాబడియా, లేక విద్యయా? ఒకే మగ్గము ఈ మూడింటికిని పనికివచ్చును. దేనికొఱకు దానిని నిలిపితిమను దానినిబట్టియే దానిమీద కూర్చుండిన మనుష్యుని గతి నిర్ణయమగుచున్నది.

శిక్షకును నేతకును గల సంబంధము మన దేశమున మిక్కిలి పురాతనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను అధికారి యొకడు కలడు. రాజుగారి నూలు పనికిని, నేత పనికిని అతడు పెద్ద. నూలు వడకుటకు అతడు నియోగింపవలసినవారిలో విధవలు, అంగవైకల్యము గల స్త్రీలు, సన్న్యాసినులు మొదలగువారితోపాటు, జుల్మానా చెల్లింపలేక దానికి బదులుగా పనిచేయు స్త్రీలును పేర్కొనబడిరి. అనగా దండనమును కదురుతో తీర్చుకొను ఆచారము ఆనాటికే శాస్త్రమున చోటు సంపాదించినది. అయితే అది ఋణము తీర్చుకొనుటయే కాని విద్య నేర్చుకొనుట కాదు.

ఇంగ్లీషు కంపెనీవారి కాలమునందు ఖైదీలను గొలుసులతో బంధించి, గుంపులు గుంపులుగా రోడ్డు పనులకు తోలుచుండెడివారు. 1835లో మెకాలే ప్రభువు జైళ్ల దుస్థితిని గుఱించి ప్రభుత్వమునకు విన్నవించగా, 1836లో ఒక విచారణ సంఘము నియమింపబడెను. ఆ సంఘమువారు 1838లో తమ నివేదిక నొసగిరి. రోడ్డు పనిని వారు ఖండించిరి. పెద్ద పెద్ద కేంద్ర కారాగృహములను కట్టవలెననిరి. ఇంతవరకు మేలే. కాని ఖైదీకి చదువు చెప్పుట, నీతి బోధించుట, సత్ప్రవర్తనమునకు బహుమానమిచ్చుట యనువానిని వారు త్రోసిపుచ్చిరి. చెఱసాలలోని పని విసుగు పుట్టించునదిగాను, ఏమాత్రము ఆసక్తి లేనిదిగాను ఉండవలెనని వారి సిద్ధాంతము. గానుగ త్రిప్పుట, తిరుగలి విసరుట మొదలగు పనులు ఈ సిద్ధాంతమునకు చక్కగా సరిపోయినవి. 1906 నాటికి పూర్తియైన అండమాను సెల్యులర్ జైలులో గానుగకు మనుష్యుని కట్టి నూనె తీయించుటను ఎఱుగనివారు లేరు. ఇది శిక్షగా నిలిచిన పని. దానిని పది సంవత్సరములు చేసినను మనుష్యుడు చేయి నొప్పి తప్ప వేఱొకటి సంపాదింపడు.

అదే కాలమున జబల్పూరులో వేఱొక ప్రయత్నము జరిగెను. బాటసారులను నమ్మించి, మెడకు గుడ్డ బిగించి చంపెడి థగ్గులను పట్టుకొనుటకై స్లీమన్ దొర 1830 ప్రాంతమునుండి పూనుకొనెను. పట్టుబడినవారిలో సర్కారు పక్షమున సాక్ష్యమిచ్చిన అప్రూవర్లను ప్రాణములతో నిలిపిరి. కాని వారిని స్వేచ్ఛగా విడువలేదు. వారికిని వారి కుమారులకును ఏదియో యొక జీవనోపాధి కావలెను గదా! అందుకై 1837–38 ప్రాంతమున జబల్పూరులో ఒక పరిశ్రమ పాఠశాల స్థాపింపబడినది. అచ్చట డేరాలు కుట్టుట, తివాచీలు నేయుట నేర్పబడినవి. దేశమున కారాగారవాసులకు వృత్తిశిక్షణమను పేరు తగిన తొలి ప్రయత్నములలో నిది యొకటి. తండ్రుల వృత్తి హత్యయైనను కుమారుల వృత్తి నేత కావచ్చునని అది లోకమునకు చూపినది. జన్మముతోనే దోషము వచ్చునని నమ్మిన కాలమున ఇది చిన్న సంగతి కాదు.

తరువాత జైలు పరిశ్రమలను విస్తరింపజేసినవారిలో బంగాళా జైళ్ల ఇన్‌స్పెక్టరు జనరలుగా 1855 మొదలు 1870 వఱకు పనిచేసిన మౌఅట్ దొర ముఖ్యుడు. చెఱసాల పరిశ్రమలకు బడి కావలెనని ఆయన వాదము. ఆయన కాలమున అలీపూరు జైలులో గోనె నేతయు, అచ్చుపనియు వృద్ధి పొందినవి. ఈ మాట సత్సంకల్పముతో పుట్టినదే. కాని జైలు వస్తువులు అమ్ముడుపోయి ధనము రాసాగినతోడనే లెక్కల పుస్తకము ముందునకు వచ్చినది, బడి వెనుకకు పోయినది. ఏ జైలు ఎంత సంపాదించినదనునదే ఘనతగా ఎన్నబడసాగెను. ఆగ్రా, లాహోరు, యెఱవాడ మొదలగు జైళ్ల తివాచీలు సీమకు ఎగుమతియయ్యెను. విండ్సరు కోటలో వాటర్లూ చావడియందు పఱచిన మహత్తరమైన తివాచీ ఆగ్రా జైలు ఖైదీలు విక్టోరియా రాణికై నేసినదే. దాని బరువు రమారమి 2 టన్నులు. 1992లో ఆ కోటకు నిప్పు అంటుకొన్నప్పుడు దానిని చుట్టి వెలుపలికి మోసికొనిపోయి కాపాడిరి. అంతటి పనితనము గల చేతులు చెఱసాలలో నుండెనని మనము గర్వింపవచ్చును. కాని ఆ చేతులకు ముట్టిన కూలి యెంతయని కూడ అడుగవలసియున్నది.

ఇచ్చట మన పెద్దల మొఱను చెప్పక తప్పదు. మచిలీపట్టణము, ఏలూరు, ఓరుగల్లు అను మూడు పట్టణముల తివాచీలు ఒకప్పుడు దేశాంతరములందు పేరు మోసినవి. వానిని నేసిన నేర్పరులలో హెచ్చుమంది ముస్లిములు. పారశీక దేశమునుండి వచ్చిన కుటుంబములని వారి వాడుక. వారు మన కులమువారు కాకపోయినను మన వృత్తి సోదరులు. 1880లో భారతదేశ కళాపరిశ్రమలను గుఱించి గ్రంథము ప్రకటించిన జార్జి బర్డ్‌వుడ్ దొర, జైలు తివాచీలవలన ఈ కళ చెడుచున్నదని గట్టిగా వ్రాసెను. కారణము నేతవాడెవడైనను గ్రహింపగలడు. ఇంటి మగ్గముమీద నేయువాడు తన కూలిలో పెండ్లాము బిడ్డల తిండిని, ఇంటి పన్నును, నూలు అప్పును లెక్కించుకొని ధర చెప్పవలెను. జైలు మగ్గమునకు కూలి లేదు, అద్దె లేదు, అప్పు లేదు. కావున అది ఏ ధరకైనను అమ్మగలదు. పైగా త్వరగా అమ్ముడుపోవుటకై సీమరంగులను, సీమ నమూనాలను దింపినచో పాత నేర్పునకు గిరాకియే తగ్గిపోవును. స్వేచ్ఛగా బ్రతుకు పనివాడు కూలి లేని ఖైదీతో పోటీపడవలసి వచ్చుట అన్యాయమని ఈ మొఱ యొక్క సారాంశము. ఈ మొఱ వృథా పోలేదు. 19వ శతాబ్ది చివరి భాగమున, జైళ్లు బజారుకొఱకు గాక సర్కారు శాఖలకు కావలసిన వస్తువులను తయారుచేయవలెనను విధానము ఏర్పడినది.

కాని సోదరులారా, మన మొఱలో సగము సత్యమే యున్నది. నష్టపడినవాడు స్వతంత్రుడైన నేతగాడు మాత్రమేనా? ఖైదీకి మాత్రము ఏమి లభించినది? జైలులో తివాచీ నేయు పద్ధతిని చూడుడు. నమూనా చదువువాడు ఒకడు. అతడు ఈ రంగు ఇన్ని ముడులు, ఆ రంగు అన్ని ముడులు అని కేకవేయుచుండును. వరుసగా కూర్చుండినవారు ఆ కేకనుబట్టి ముడులు వేయుచుందురు. అట్లు ముడి వేయుట నేర్చినవాడు విడుదలయై తన గ్రామమునకు పోయిన పిమ్మట ఏమి చేయగలడు? వానికి అంత పెద్ద మగ్గము లేదు; ఉన్ని కొనుటకు పెట్టుబడి లేదు; నమూనా గీయుట రాదు; రంగు కాచుట రాదు; కొనువాడెవడో తెలియదు. వృత్తి యనగా చేతి కదలిక మాత్రమే కాదని మనకు ఒకరు చెప్పనక్కఱలేదు. ఆసు పోయుట, పడుగు పూయుట, గంజి పెట్టుట, అచ్చు అతుకుట, నూలు నంబరు గుర్తించుట, షావుకారుతో బేరమాడుట ఇవన్నియు కలిసిననే నేత. ఇంటిలో పుట్టిన బిడ్డ ఇవన్నియు తల్లిదండ్రులకడ చూచి నేర్చుకొనును. జైలు మగ్గము అందులో ఒక్క తునకను మాత్రము నేర్పి, మిగిలినదానిని తనయొద్దనే యుంచుకొన్నది. కావున పనివానికి పోటీయు, ఖైదీకి పస్తును రెండును ఒకే కారణమునుండి పుట్టినవి. ఆ కారణము రాబడికై నిలిపిన మగ్గము.

ఇంకొక సంగతియు కలదు. కుల మహాసభలో దీనిని దాచుట తగదు. 1894 సంవత్సరపు జైళ్ల చట్టము క్రింద ఏర్పడిన నియమావళులలో పెక్కింట ఖైదీలకు కులమునుబట్టి పని పంచబడెను. వంటకు కొన్ని కులములు, పాకీ పనికి మఱికొన్ని కులములు అని వ్రాతపూర్వకముగా నుండెను. స్వరాజ్యము వచ్చిన తరువాతను అవి అనేక రాష్ట్రములందు నిలిచియుండెను. తుదకు 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీముకోర్టు అట్టి నియమములు రాజ్యాంగవిరుద్ధములని తీర్పు చెప్పి, వానిని సవరింపవలెనని ఆజ్ఞాపించెను. పుట్టుకనుబట్టి చీపురు ఇచ్చినచోట విద్యకు చోటెక్కడిది? నేత మన కులవృత్తియని మనము అభిమానముతో చెప్పుకొందుము, అది తప్పుకాదు. అయితే జైలు మగ్గములమీద అన్ని కులములవారును, అన్ని మతములవారును కూర్చుండి నేసిరి. నేర్పినచో నేర్పు ఎవనికైనను పట్టువడునని ఆ మగ్గములు సాక్ష్యమిచ్చుచున్నవి. విద్య రక్తములో లేదు, గురువునందును అభ్యాసమునందును ఉన్నది. ఈ మాటవలన మన కులగౌరవము తగ్గదు. నేర్పగలవారమను గౌరవము హెచ్చును.

ఇక సంస్కరణ చరిత్రను చెప్పెదను. మొదట బాలుర విషయమున కన్నులు తెఱవబడెను. 1876లోను, మరల 1897లోను సంస్కరణ పాఠశాలల చట్టములు వచ్చినవి. మన తెలుగు జిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధానిలో చెంగల్పట్టు సంస్కరణ పాఠశాల 1887లో నెలకొల్పబడినది. నేరము చేసిన బాలుని పెద్ద దొంగల నడుమ నుంచుట మాని, చదువును పనిని నేర్పుట దీని యుద్దేశము. 1920లో మద్రాసు బాలుర చట్టమును, 1925లో యౌవనులకై బోర్‌స్టల్ పాఠశాలల చట్టమును వచ్చినవి. పెద్దల విషయమున 1919–20 సంవత్సరముల భారత జైళ్ల సంఘము ముఖ్యమైనది. దాని యధ్యక్షుడు మద్రాసు రాజధానిలో పనిచేసిన సర్ అలెగ్జాండరు కార్‌డ్యూ. నేరస్థుని భయపెట్టుటయే గాక బాగుచేయుటయు చెఱసాల ధర్మమని ఈ సంఘము చెప్పినది. 1838 నాటి నివేదిక త్రోసిపుచ్చిన మాట, 80 సంవత్సరములు గడచిన తరువాత, సర్కారువారి నివేదికలోనే తలయెత్తినది.

అక్షరవిద్య విషయమున మన తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చరిత్ర కలదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో పత్రికా వ్యాసము నిమిత్తమై రాజద్రోహ నేరముమీద శిక్షింపబడి, వెల్లూరు జైలులో కఠినశిక్ష ననుభవించిరి. వారే తరువాత ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును తమ జీవితమును ధారపోసిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి నవల చెఱసాలలో వ్రాయబడినది. నైజాము రాజ్యమున చెఱననుభవించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు తమతోడి ఖైదీల బ్రతుకులను కథలుగా వ్రాసి, జైలు లోపల అను పేరుతో లోకమునకందించిరి. వీరందఱును అక్షరమును వెంటబెట్టుకొని లోపలికి పోయినవారు. ఆ ప్రక్క గదిలోనే తన అప్పీలు కాగితమును తాను చదువుకొనలేని రైతుయు, కూలివాడును ఉండెడివాడు. అక్షరము గలవానికి చెఱసాల గ్రంథరచనకు చోటైనది. అక్షరము లేనివానికి కేవలము చీకటి. ఈ భేదమును తుడుచుటయే చెఱసాల విద్య యొక్క ప్రథమ కర్తవ్యము.

స్వరాజ్యానంతరము కూలిని గుఱించిన ప్రశ్న న్యాయస్థానములకెక్కెను. 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టువారు ఖైదీ చేసిన పనికి తగిన కూలి ఈయవలెనని తీర్పు చెప్పిరి. 1998లో సుప్రీముకోర్టువారు ఈ విషయమును విచారించి, కఠినశిక్ష పొందినవానిచేత పని చేయించుట చట్టసమ్మతమే యైనను, ఆ పనికి న్యాయమైన కూలి చెల్లింపవలెననియు, అందులో కొంత భాగమును నేరమువలన నష్టపడినవారికొఱకు వేఱుగా నుంచవలెననియు నిర్ణయించిరి. ఈ తీర్పులో ఎంతటి వివేకమున్నదో చూడుడు. ఖైదీకి తన కష్టము తనదను గౌరవము లభించినది. దెబ్బ తినినవానికి కొంత ఊరట లభించినది. కూలి లేని మగ్గముతో పోటీపడు దుస్థితియు నేతగానికి తగ్గినది. 1955లో ఐక్యరాజ్యసమితి సభ జెనీవాలో అంగీకరించి, 2015లో నెల్సన్ మండేలాగారి పేరుతో సవరింపబడిన నియమములందును ఇదే ధర్మము చెప్పబడినది. జైలు పరిశ్రమవలని లాభమునకు ఖైదీల మేలును, వారి వృత్తిశిక్షణమును లోబఱచరాదని అందలి శాసనము. చెఱసాల పని వెలుపలి పనిని సాధ్యమైనంత వఱకు పోలియుండవలెననియు అందు చెప్పబడినది.

నేడు మన రెండు రాష్ట్రములందును కొన్ని మంచి గుర్తులు కనబడుచున్నవి. అనంతపురము జిల్లా రెడ్డిపల్లిలోను, హైదరాబాదు చెంత చర్లపల్లిలోను గోడలు లేని ఆరుబయలు జైళ్లలో ఖైదీలు సేద్యము చేయుచున్నారు. చంచల్‌గూడ జైలువారు 2013నుండి ఖైదీలచేత పెట్రోలు బంకును నడిపింపసాగిరి. దూరవిద్యా విశ్వవిద్యాలయముల చదువులు జైలు గదులకు చేరినవి. లోపల కూర్చుండియే పట్టపరీక్షలు నిచ్చినవారు కలరు. మఱియొక ప్రక్క, 1886 ప్రాంతమున కట్టబడి, జంపఖానాలకును తివాచీలకును పేరొందిన ఓరుగల్లు కేంద్ర కారాగృహము ఆసుపత్రి నిర్మాణమునకై 2021లో పడగొట్టబడినది. గోడలు పోయినను, ఆ గోడలలోపల నేర్చిన చేతులు పోలేదు.

కాని కొఱత పెద్దది. 2022 సంవత్సరాంతమునకు దేశమున జైళ్లలో నుండినవారు 5,73,220 మంది కాగా, వారిలో 4,34,302 మంది ఇంకను నేరము ఋజువుకాని విచారణ ఖైదీలు. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురు. కఠినశిక్ష పడినవానివలె వీరిచేత పని చేయింపరాదు. ఎప్పుడు విడుదలయగుదురో తెలియదు గనుక దీర్ఘమైన శిక్షణమునందు వీరిని చేర్చుటయు కష్టము. పనియు లేక, చదువును లేక, నెలలును సంవత్సరములును గడపుచున్నవారు వీరే.

ఇప్పుడు కొందఱు పెద్దలు ఇట్లడుగవచ్చును: మన బిడ్డలకే మగ్గము అన్నము పెట్టుట లేదు, వారు పట్టణములకు వలస పోవుచుండగా, దొంగకు మగ్గము నేర్పుమనుట యేమి న్యాయము? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మన బిడ్డలు విడిచిన వృత్తిని ఖైదీకి అంటగట్టి, వానిని బాగుచేసితిమని చెప్పుకొనుట ధర్మము కానేకాదు. వాని గ్రామమున ఏ పనికి గిరాకి యున్నదో ఆ పనినే నేర్పవలెను. అది కుట్టుపని కావచ్చును, విద్యుత్తు పని కావచ్చును, వడ్రంగము కావచ్చును. నేతకు గిరాకి యున్నచోట మాత్రము నేతను నేర్పవలెను. నేర్పినచో సంపూర్ణముగా నేర్పవలెను. పని లేక తిరిగి వచ్చిన ఖైదీ మరల నేరమునకు దిగినచో దోపిడియగునది మన వీధియే. కూలిలేని కష్టముతో చవుకయైన జైలు బట్టయు, పనిలేక మరల చెడిన మనుష్యుడును, రెండును మనకే నష్టము.

కావున మన మహాసభవారు ఆలోచింపదగిన కార్యములు నాలుగు కలవు. మనలో చేయి తిరిగిన నేర్పరులు జైళ్లకు పోయి, నూలు గుర్తించుట మొదలు బట్ట అమ్ముట వఱకు నేతను నేర్పుటకు అధికారుల అనుమతి కోరవలెను. విచారణ ఖైదీలలో ఇష్టపడినవారికి కొన్ని వారములలో ముగియు అక్షరవిద్యకును, రంగుల అద్దకము వంటి చిన్న పనులకును సాయపడవలెను. జైలు వస్తువులు బజారు ధరకే అమ్మబడవలెననియు, నేసినవానికి న్యాయమైన కూలి ముట్టవలెననియు తీర్మానించవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, విడుదలయై నేర్పుతో వచ్చినవానిని అతని కులమడుగక, గతమును తవ్వక, మన సహకార సంఘములలో పనికి చేర్చుకొనవలెను. మొదటి మూడింటికి సర్కారు తోడు కావలెను. నాలుగవదానికి మన మనస్సు చాలును.

పడుగులో పోగు తెగినచో మనము మగ్గమును తగులబెట్టము. పోగు కొనలు వెదకి అతుకుదుము. అతికినచోట ముడి కనబడకుండ నేయుటయే నేతగాని నేర్పు. తెగిన మనుష్యుని సంఘమునకు అతుకు పనిలోను మనవారి చేతులు వెనుదీయవని నమ్ముచున్నాను.